తోడిన నుయ్యి

మా ఇళ్ళకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. సామెత చెప్పడం లేదు, మా వరసకి అడ్రసే అది. కాట్రేనికోన వెళ్ళే రోడ్డు దిగి కాలువ గట్టు మీద కాస్త నడిస్తే సాయిబాబుగారి పీచు మిల్లు వస్తుంది. మిల్లు వెనక కొబ్బరి డొక్కలు నానబెట్టే గోతులు. గోతుల తరవాత కంచె, కంచెకి ఇవతల మా ఇళ్ళు. మా ఇళ్ళ ముందర, వీధిలోకి, మా తోటికోడలు సత్యవేణి నుయ్యి.

నా పేరు సరోజిని. ఆ మిల్లులో పీచు విదిలించి ఎండబెట్టే పని నాదీ, సత్యవేణిదీ, మా వరసలో ఆడవాళ్ళందరిదీను. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుంది. అనవలసింది మొహం మీద అనేస్తాను. సత్యవేణికి ఆ జబ్బు లేదు. ఎవరేమన్నా “ఆయ్” అంటుంది, కాలు తొక్కినా వాళ్ళ కాలికి నొప్పెట్టిందేమోనని చూస్తుంది. మా అత్తగారు బతికున్న రోజుల్లో ఇద్దరు కోడళ్ళనీ కలిపి దంచితే ఒక మంచి మనిషి వచ్చేదని అనేది.

ఆ నుయ్యి సంగతి ముందు చెప్పాలి. సముద్రం దగ్గర ఊరు మాది. ఎక్కడ బోరు దింపినా ఉప్పునీళ్ళే. పంచాయతీ కుళాయి ఊరికి అవతలి చివర ఉంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. మా వరసకి దేవుడిచ్చింది ఆ ఒక్క నుయ్యే. తొంభై ఆరు తుఫానుకి ఊళ్ళో నూతులన్నిట్లోనూ ఉప్పు కలిసిపోయినప్పుడు మా మరిది, అంటే సత్యవేణి మొగుడు, దీన్ని పట్టుకుని కూర్చున్నాడు. వాడి పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. పిలవడానికి ఊపిరి చాలక అందరం సత్తిబాబు అనేవాళ్ళం. పొద్దున లేస్తే నూతిలోకి దిగి తోడటం, ఒరలు తోమటం, మళ్ళీ ఊరనివ్వటం, మళ్ళీ తోడటం. చివరికి ఉప్పు విరిగి నీళ్ళు తియ్యనయ్యాయి గానీ వాడికి ఆ తడిలో పట్టిన జ్వరం వదల్లేదు. ఏడాది తిరక్కుండా పోయాడు. అందుకని సత్యవేణి ఆ నూతి గట్టు మీద ఎవరినీ చెప్పులతో ఎక్కనివ్వదు. మొగుడి ఫొటోకి దండ వేయడం మరిచిపోయిన రోజులున్నాయేమో గానీ నూతి చుట్టూ ఉన్న పళ్ళెం కడగని రోజు లేదు.

తరవాత మిల్లు వచ్చింది. వచ్చినందుకు అందరం సంతోషించాం. కూలికి ఎక్కడికో పోనక్కర్లేదు, పీచు విదిలించే చేత్తోనే ఇంటికొచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టుకోవచ్చు. డొక్కలు అంబాజీపేట నుంచి ట్రాక్టర్ల మీద వస్తాయి. గోతుల్లో నానతాయి. నానిన డొక్కని మిషన్లో పెడితే ఒక పక్క పీచు పడుతుంది, ఇంకో పక్క పొట్టు. పీచుని బేళ్ళు కట్టి లారీ ఎక్కిస్తారు. పొట్టుని అడిగేవాడు లేడు, అందుకని దాన్ని మా కంచె వారగా గుట్ట పోసేవారు. గోతుల్లో నీళ్ళు కుళ్ళిపోతే ఇంజను పెట్టి పక్కనున్న బోదె కాలువలోకి తోడేసి కొత్త నీళ్ళు పెట్టేవారు. వాన పడితే గుట్టలోంచి, వాన లేకపోతే గోతుల్లోంచి, ఎర్రటి నీరు నేలలోకి దిగుతూనే ఉండేది.

మొదట్లో నూతి నీళ్ళు కాస్త పచ్చబడ్డాయి. ఆకులు రాలాయేమో అనుకున్నాం. తరవాత ఎర్రబడ్డాయి. బియ్యం కడిగితే అన్నానికి రంగొచ్చేది. పటిక తిప్పి, గుడ్డలో వడకట్టి, రాత్రంతా తేరనిచ్చి తాగేవాళ్ళం. సాయిబాబుగారికి చెప్పుకున్నాం. ఆయన మొహాన కోపం చూసినవాళ్ళు లేరు. మమ్మల్ని మీరు అంటారు, ఎదురొస్తే నవ్వుతారు, ఏం చెప్పినా “ఆయ్, చూద్దామండి” అంటారు. చూడటం వరకూ మాట తప్పని మనిషి.

అప్పుడు లావణ్య వచ్చింది. మా పీచుతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు చేయించే పైదేశపు కంపెనీ ఒకటుంది. తమకి సరుకిచ్చే మిల్లుల్లో పని ఎలా జరుగుతోందో, నీళ్ళేమవుతున్నాయో, మట్టేమవుతోందో చూసి రమ్మని హైదరాబాదు ఆఫీసు నుంచి ఈ పిల్లని పంపారు. పెళ్ళి కాని పిల్ల. ఎండకి మొహం కందిపోయింది. సాయిబాబుగారు కుర్చీ వేయించి బొండం కొట్టిస్తే, బొండం చేత్తో పట్టుకుని మిల్లంతా నడిచేసింది. ట్రాక్టరు ఆగే చోట మొదలెట్టి లారీ కదిలే చోటు దాకా ఒక్కో పనీ అడిగింది. ఈ గోతిలో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎక్కడికి పోతాయి, ఈ పొట్టు ఏం చేస్తారు, ముక్కుకి గుడ్డ ఎందుకు కట్టుకోరు. మిషను నడిపే జోజి జవాబులు చెప్పలేక, చివరికి తనే ఆ పిల్లని తిరిగి అడగడం మొదలెట్టాడు. పొట్టుని ఎరువు చెయ్యొచ్చని, గోతులకి సిమెంటు చేయించి అదే నీటిని తేర్చి మళ్ళీ వాడుకోవచ్చని, గుట్ట మీద కప్పు వేస్తే వానకి ఊట దిగదని చెప్పింది. అవి వింటుంటే ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తోచలేదా అనిపించింది. తోచక కాదు, డబ్బవుతుందని.

మధ్యాహ్నం మా వరసలోకి వచ్చింది. మీరేం తాగుతారని సత్యవేణిని అడిగింది. సత్యవేణి చెంగు సర్దుకుంటూ నా వెనక్కి జరిగింది. నేనే, ఈ నూతి నీళ్ళే తాగుతామమ్మా అన్నాను. అయితే నాకూ అవే ఇవ్వండి అంది. వద్దంటే వినలేదు. తేర్చిన నీళ్ళే, అయినా గాజు గ్లాసులో పోసేసరికి పల్చటి టీలా ఉన్నాయి. ఆ పిల్ల ఒక్క క్షణం గ్లాసు వంక చూసి, మొహం చిట్లించకుండా సగం తాగింది. సత్యవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల వెళ్ళాక కూడా ఆ గ్లాసు కడగకుండా అలా పట్టుకునే కూర్చుంది.

వెళ్ళే ముందు లావణ్య మమ్మల్నందరినీ నూతి దగ్గర కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పింది. మళ్ళీ వస్తుందిట. గోతుల దగ్గరా, బోదెలోనూ, నూతిలోనూ నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తుందిట. మొదటిసారి నీళ్ళు చెడ్డవని తేలితే మిల్లుకేం నష్టం లేదు, గోతులకి సిమెంటు, పొట్టుకి షెడ్డు వేయడానికి కంపెనీయే సగం ఖర్చు పెట్టుకుంటుంది, మిగతా సగం సాయిబాబుగారు పెట్టి తీరాలి. బాగున్నాయని తేలితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. పని ఉన్నది ఉన్నట్టే సాగుతుంది.

“అంచేత ఏదీ సర్దొద్దు. నేనొచ్చేటప్పటికి ఎలా ఉన్నది అలా ఉంచండి,” అంది.

“ఆయ్, అలాగేనమ్మా,” అంది సత్యవేణి అందరికంటే ముందు. “ఈసారి మా ఇంట్లోనే భోంచెయ్యాలి మీరు.”

ఆ పిల్ల నవ్వి సరేనంది. ఆ సరే అనడంతోనే మా కొంప మునిగింది.

రెండోసారి వస్తుందనగా నేను ఊళ్ళో లేను. మండపేటలో మా అమ్మాయికి పురుడొచ్చింది. మనవరాలిని చూసుకుని, లావణ్య వచ్చే రోజుకి అందుకుందామని పొద్దున్నే బస్సెక్కి వచ్చాను. వీధి మలుపు తిరిగేసరికి ఏదో పెళ్ళివారి వీధిలా ఉంది. కళ్ళాపి చల్లారు, ముగ్గులు పెట్టారు. కంచె వారన పొట్టు గుట్ట మీద తాటాకులు పరిచి కనబడకుండా చేశారు. నూతి ఒరలకి సున్నం కొట్టారు. గట్టుకి పసుపు రాశారు. నేను సంచీ అక్కడే పడేసి నూతిలోకి తొంగి చూశాను. అడుగున రాయి కనబడుతోంది. నా మొహం నాకు కనబడుతోంది.

మా వైపు ఇంట్లో శుభకార్యం ఉన్నా, పెద్దవాళ్ళెవరైనా భోజనానికి వస్తున్నా ముందు రోజు నుయ్యి తోడించడం మామూలే. మా అత్తగారూ చేసింది, వాళ్ళ అత్తగారూ చేసింది. సత్యవేణి అదే చేసింది. జోజిని బతిమాలి మిల్లు ఇంజను తెప్పించింది. వరసంతా కలిసి పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా తోడారు. ఒండ్రు ఎత్తిపోశారు, ఒరలు పీచుతో తోమారు, బ్లీచింగు వేశారు. ఆ బ్లీచింగు బస్తా సాయిబాబుగారే ఇచ్చారట. అడగ్గానే ఇచ్చారట. ఇంజనూ ఇచ్చారట, పైగా ఆ రెండు రోజులూ గోతుల నీళ్ళు బోదెలోకి వదలొద్దని కూడా చెప్పారట. తెలిసి చేశారో మర్యాదకి చేశారో ఆ దేవుడికే తెలియాలి. ఆయన్ని అడిగితే మర్యాదకనే అంటారు.

లోపలికి వెళ్ళి చూస్తే సత్యవేణి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని పనసపొట్టు కూరకి ఆవ పెడుతోంది.

“ఏం పని చేసేవే? ఆ పిల్ల చూడ్డానికొచ్చేది ఆ పాడు నీళ్ళనే కదా,” అన్నాను.

సత్యవేణి గరిటె దించి నా వంక చూసింది. ఆ చూపులో నేనేదో అన్యాయం మాట్లాడుతున్నట్టుంది.

“భోజనానికి పిలిచిన ఆడపిల్లకి మళ్ళీ ఆ నీళ్ళే పొయ్యమంటావా అక్కా? పోయినసారి తాగేటప్పుడు ఆ పిల్ల గొంతు చూసేవా నువ్వు? నా వల్ల కాదు.”

“తాగడానికి ఓ బిందెడు కుళాయి నీళ్ళు తెస్తే సరిపోయేది కదే.”

“బిందెలో మంచివి పెట్టి నూతిలో అలాటివి ఉంచుకుంటే ఆవిడేమనుకుంటుంది? మనమేదో మురికి మనుషులమనుకోదూ?”

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ నూతిలోకి దిగి ఒండ్రు ఎత్తినవాళ్ళలో సత్యవేణి కూడా ఉందని ఆమె గోళ్ళు చూస్తే తెలుస్తోంది.

లావణ్య వచ్చింది. ముందు భోజనం. ఆ పిల్ల కూర మారు వడ్డించుకుంది, సత్యవేణి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. గ్లాసులో నీళ్ళు తళతళ్ళాడుతున్నాయి. ఆ పూట మా సత్యవేణి మొహం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. మా మరిది పోయాక అంత సంతోషంగా ఆమెని నేను చూడలేదు. కోపం ఒక పక్క, జాలి ఒక పక్క పెట్టుకుని నేనూ వడ్డిస్తూ పోయాను.

భోజనాలయ్యాక ఆ పిల్ల సీసాలు తీసుకుని నూతి దగ్గరికి వచ్చింది. తనే చేద వేసింది. చేద పైకొచ్చాక చాలాసేపు అందులోకే చూస్తూ నిలబడింది. అప్పుడు నేనిక ఆగలేకపోయాను. నిన్న తోడించారమ్మా, మీరొస్తున్నారని, అని చెప్పేశాను. వరస వరసంతా నన్ను పాముని చూసినట్టు చూశారు. లావణ్య గట్టు మీద కూలబడింది.

ఎవర్నీ ఒక్క మాట అనలేదు ఆ పిల్ల. మళ్ళీ ఎర్రబడటానికి ఎన్నాళ్ళు పడుతుందని మాత్రం అడిగింది. గోతుల నీళ్ళు వదిలి, ఓ వాన పడితే గాని తెలియదన్నాను. సాయంత్రానికి తను వెళ్ళిపోవాలి, వేరే రాష్ట్రంలో మిల్లులు చూడాల్సి ఉంది. మీరు చెప్పింది పక్కన రాస్తాను గానీ, కంపెనీ వాళ్ళు చూసేది సీసాలో ఏముందో అదే, అంది. సీసాల మూతలు బిగించి, ఒక్కోదాని మీదా పేరు రాసి సంచీలో సర్దుకుంది. సత్యవేణికి అప్పుడు తెలిసింది తను చేసిన పనేమిటో. అయినా ఆ పిల్లని కారు దాకా సాగనంపి, తాంబూలం చేతిలో పెట్టే ఇంటికొచ్చింది.

పరీక్షలో మా నుయ్యి మంచిదని తేలింది. మిల్లు పాసయింది. ఆ కాగితం సాయిబాబుగారు ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకున్నారు. అది చూసి కంపెనీ ఆర్డరు పెంచింది. ఆర్డరు పెరిగితే డొక్కలు పెరిగాయి, డొక్కలు పెరిగితే గోతులు పెరిగాయి. కొత్త గోతులు ఎక్కడ తవ్వుతారు, ఖాళీ ఉన్నది మా కంచె పక్కనేగా. పొట్టు గుట్ట మా ఇంటి చూరుని దాటిపోయింది. గాలి వీస్తే అన్నం కంచంలో పొట్టు.

ఆ వానాకాలానికి నూతి నీళ్ళు నల్లబడ్డాయి. పటికకి లొంగలేదు. స్నానం చేస్తే ఒళ్ళు దురద, నోట్లో పోసుకుంటే వగరు, వెనకాల కుళ్ళిన వాసన. సత్యవేణి మళ్ళీ తోడించింది. ఈసారి రెండు పూటలకే ఎరుపు తిరిగింది. మళ్ళీ తోడించింది. అప్పుడు ఒక పూట. నేల తాగేసిన దాన్ని చేదతో ఎంతకని తోడతాం? ఆఖరికి ఇద్దరం కలిసి సాయిబాబుగారి దగ్గరికి వెళ్ళాం. చెంబుతో ఆ నీళ్ళు కూడా పట్టుకెళ్ళాం. ఆయన లేచి నిలబడి, చెంబులోకి చూసి, నిజంగానే బాధ పడ్డారు. తరవాత గోడ మీద ఫ్రేము వంక చూశారు.

“మీ నుయ్యి మంచిదని ఆళ్ళే రాసేరు కదమ్మా. ఇప్పుడు నేను కాదంటే ఆళ్ళని తప్పు పట్టినట్టుంటుంది. బాగోదు కదండి?”

నేను ఏదో అనబోయాను. సత్యవేణి నా చెయ్యి పట్టుకుని, ఆయ్, వెళ్ళొస్తామండి అంది. ఆ చెంబు నీళ్ళు ఆఫీసు మెట్ల మీద పారబోసేదాన్ని, తను లాక్కొచ్చింది గనక సరిపోయింది.

మళ్ళీ రెండేళ్ళకి గాని లావణ్య రాలేదు. ఈసారి వస్తున్నట్టు తెలియగానే నేను వరసంతా తిరిగాను. ఒక్క చుక్క తోడినా, ఒక్క చీపురుపుల్ల కదిలినా నేను ఊరుకోనని చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. అందరికీ ఒళ్ళు దురదలు, పిల్లలకి విరోచనాలు, ఒప్పుకోక ఏం చేస్తారు? సత్యవేణి మాత్రం లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పిల్ల వచ్చి చేద వేసినా బయటికి రాలేదు. నల్లటి నీళ్ళు పైకొచ్చాయి. వాసనకి లావణ్య చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది గానీ కళ్ళు మాత్రం మెరిశాయి. అమ్మయ్య, ఇవాళ నిజం దొరికింది సరోజినిగారూ, అంది. నాకూ ధైర్యం వచ్చింది. తలుపు దగ్గరికి వెళ్ళి, ఇక బయటికి రావే, మన నుయ్యి బాగుపడుతుంది, అని చెప్పాను. లోపలి నుంచి ఏడుపు వినబడింది. నేను ఆనందబాష్పాలనుకున్నాను. సత్తిబాబు తోడిన నూతిలో ఆ కంపు ఆ పిల్లకి చూపించుకోవలసి వచ్చిందని ఏడుస్తోందని తోచలేదు, నా తెలివి అంత.

మాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ పిల్లకీ పూర్తిగా తెలిసినట్టు లేదు. మొదటిసారి చెడ్డదని తేలితే బాగు చేయించడానికి సాయం. ఒకసారి మంచిదని రాయించుకుని, తరవాత చెడ్డదని తేలితే మాత్రం అది మోసం కింద లెక్క. సాయం లేదు, మాట్లాడేది లేదు, మిల్లుని జాబితాలోంచి తీసెయ్యడమే. లావణ్య పై వాళ్ళతో చాలా వాదించిందిట. తప్పు నాది, మొదటిసారే నీళ్ళు ఊరేదాకా ఆగి పట్టవలసింది, అని కూడా రాసిందిట. వాళ్ళేమీ వినలేదు. మా పీచు మానేసి ఎక్కడి పీచో కొనుక్కున్నారు. వాళ్ళ పట్టాల మీద కాళ్ళు తుడుచుకునేవాళ్ళకి ఏ తేడా తెలియలేదు.

సాయిబాబుగారు ఇంటింటికీ వచ్చి చేతులు జోడించి మరీ చెప్పారు. ఇంక నడపలేనమ్మా, ఏమీ అనుకోకండి, అన్నారు. మేమూ అయ్యో పర్లేదండి అన్నాం. ఆయన కళ్ళు తుడుచుకుంటే మేమే ఓదార్చాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మిషన్లు అమ్మేశారు. మిల్లుకి అవతల ఉన్న పొలం రొయ్యల చెరువులకి కౌలుకిచ్చారు. ఆయనకి వచ్చిన ఇబ్బందేమీ లేదు. జోజి మండపేటలో బియ్యం మిల్లుకి పోయాడు. ఆడవాళ్ళు కొందరు రొయ్యల షెడ్లకి, ఇద్దరు కువైట్‌కి. గోతులు అలాగే ఉన్నాయి, వాటి నిండా కుళ్ళిన డొక్కలు అలాగే ఉన్నాయి. పొట్టు గుట్ట ఎవరిదీ కాదు. మిల్లు నడుస్తున్నప్పుడు అడగడానికి సాయిబాబుగారైనా ఉండేవారు. ఇప్పుడు వాన పడితే చాలు, గుట్ట నానుతుంది, ఊట దిగుతుంది, నుయ్యి నల్లగా నిండుతుంది. పని పోయింది, నీళ్ళు రాలేదు.

వరసలో కొంతమంది సత్యవేణిని ఆడిపోసుకున్నారు. అప్పుడు తోడకపోతే సిమెంటు గోతులొచ్చేవని కొందరు, మొన్న తోడి ఉంటే మిల్లయినా నిలిచేదని కొందరు. ఈ రెండో రకం వాళ్ళు నన్ను చూసి అనేవారు. ఎవరితోనూ దెబ్బలాడలేదు నేను. సత్యవేణి నూతి పళ్ళెం కడగడం మానేసింది. చేద ఊడదీసి అటక మీద పడేసింది. ముగ్గురం నలుగురం కలిసి ఊరి చివర కుళాయికి పోయి, వచ్చేదాకా కూర్చుని బిందెలు మోసుకునేవాళ్ళం.

ఒకనాడు మధ్యాహ్నం దుర్గమ్మ కొట్టు నుంచి కబురొచ్చింది. ఆమె కిరాణా కొట్లో ఫోనుంది, అదే మా అందరికీ. హైదరాబాదు నుంచి ఎవరో అమ్మాయి సత్యవేణి కోసం చేసిందనీ, మళ్ళీ చేస్తుందనీ కబురు. ఇద్దరం వెళ్ళాం. మేము వెళ్ళి నిలబడ్డ కాసేపటికే మోగింది.

లావణ్యే. నేను సత్యవేణి చెవి పక్కనే చెవి పెట్టాను. ఆ పిల్ల గొంతు బాగా తగ్గిపోయి ఉంది. ఆ ఉద్యోగం మానేసిందిట. మా మిల్లు మూతపడ్డాక అక్కడ కూర్చోబుద్ధి కాలేదుట. మీ అన్నం తిని మీ నోటి దగ్గర కూడు తీసేశానండీ అంది. సత్యవేణి, అయ్యో అదేంటమ్మా, మీరేం చేసేరు, అంటూనే ఉంది.

“పని పోయింది సరే. మిల్లు ఆగిపోయింది కదా, నుయ్యి అయినా బాగుపడిందాండీ? అదొక్కటి చెప్పండి. అది వింటే నేను నిద్రపోతాను,” అంది లావణ్య.

సత్యవేణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఆయ్, తేటపడిపోయేయమ్మా. మల్లెపువ్వులా ఉన్నాయి. ఇప్పుడందరం అయ్యే తాగుతున్నాం.”

ఆ పిల్ల నా కోసం అడిగింది. సరోజినిగారున్నారా పక్కన, ఒకసారి ఆవిడకివ్వండి, అంది. మీరు నా మనసు కష్టపడకూడదని ఏమైనా అంటారు, ఆవిడైతే ఉన్న మాట చెప్తారు, అంది.

సత్యవేణి ఫోను నా చేతికిచ్చింది. నా నోటికి మా ఊరంతా భయపడుతుంది. సాయిబాబుగారి గుమ్మంలో మాట్లాడలేక దిగమింగినవన్నీ నా గొంతులోనే ఉన్నాయి. గుట్ట గురించి, గోతుల గురించి, నూతిలో తేలుతున్న నల్లటి తెట్టు గురించి చెప్పాలని నోరు తెరిచాను. అవతల ఆ పిల్ల వింటోంది. ఆ బరువు అక్కడిదాకా మోసుకుపోయి తన ఒళ్ళో పడేస్తే ఏం చేసుకుంటుంది? ఉద్యోగం కూడా లేని పిల్ల, ఎవరికి రాస్తుంది, ఎవరు వింటారు?

“ఔనమ్మా,” అన్నాను. “బాగున్నాయి నీళ్ళు.”

ఆ పిల్ల ఏడ్చింది. థాంక్సండీ, థాంక్సండీ, అంటూనే ఉంది. నేను అన్నానంటే ఇంక అనుమానం లేదంది. ఈసారి వచ్చినప్పుడు మీ నూతి దగ్గర కూర్చుని భోంచేస్తానంది. తప్పకుండా రామ్మా అన్నాను. దుర్గమ్మ ఫోను అందుకుని పెట్టేసింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా బిందెలు తెచ్చుకోవడానికి ఇంటి దారి పట్టాం.